పక్కకు జరిపిన పొయ్యిరాయి

రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే తెచ్చుకోండి, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూడా వినొచ్చు. నేను నాలుగో తరగతి దాకే చదివాను. రాతలో ఒత్తులు తప్పితే మీరే సర్దుకోండి. కాని చూసింది మాత్రం నన్ను విడిచిపోదు. ఎవరు ఏ చీర కట్టుకొచ్చారో, ఏ గ్లాసులో నీళ్ళు తాగి ఎట్లా కింద పెట్టారో అన్నీ గుర్తే. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక గ్లాసు సంగతే. ఒక గ్లాసు, మూడు రాళ్ళు.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు. నడుమ పెద్ద వాకిలి, చుట్టూ గదులు. నేను కోడలిగా వచ్చింది ఆంధ్రా తెలంగాణా ఒక్కటైన ఏడాది. అప్పటినుంచి మా గదులు ఖాళీగా ఉన్నది లేదు, కోస్తానుంచి వచ్చిన ఉద్యోగస్తులకు కిరాయికి పోయేవి. మా ఆయన గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఇంటి పెత్తనం అంతా మా అత్తమ్మది.

బర్మానుంచి మనవాళ్ళు ఓడలెక్కి తిరిగొస్తున్న రోజుల్లో ఒకాయన మా గడపలోకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఒక రేకుపెట్టె, ఒక మసిపట్టని కుండ. మసి పట్టని కుండ అని ఎందుకంటున్నానో తర్వాత మీకే తెలుస్తుంది. మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం దుకాణంలో పని దొరికిందట, మంచులో డబ్బా పెట్టి చేత్తో తిప్పే పని. గేటు పక్కన ఉన్న చిన్న గది చాలన్నాడు. మా అత్తమ్మను, వాళ్ళ దిక్కు అక్కను పిలిచినట్టు, అప్పా అని పిలిచి ఒక్కటే అడిగాడు.

“అప్పా, గది ఎలాగున్నా పర్లేదు. వాకిట్లో మూడు రాళ్ళు ఎట్టుకోనిత్తే సాలు.”

మా అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “ఏంది, కుంపటి లేదా? స్టవ్వు లేదా? పట్నంల మూడు రాళ్ళేంది?”

“అలవాటు, అప్పా.”

సరేనన్నది. ఆయనను అందరం బర్మాయన అనేవాళ్ళం. నేను కాకా అని పిలిచేదాన్ని.

వారం గడిచాక నాకు ఒకటి తట్టింది. మా పొయ్యిలో కట్టె పెడితే వాకిలంతా పొగ, కళ్ళలో నీళ్ళు. ఆయన రోజూ రాళ్ళమీద వండుతున్నాడు, అన్నం ఉడికిన వాసన వస్తోంది, పొగ లేదు. అత్తమ్మకు చెప్పాను.

“నీ కండ్లు పోయినయ్,” అన్నది. మర్నాడు తెల్లారకముందే లేచి స్తంభం వెనక నిలబడి తనే చూసింది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “ఔనే! పొగ లేదు! గీన మనిషేనా?”

మనిషే. నేనే పోయి అడిగాను. ఆయన నవ్వి పొయ్యి చూపించాడు. రాళ్ళ కింద జానెడు లోతు గుంట, గుంటనుంచి పక్కకు చిన్న కాలువ, దాని మీద తడి గోనెపట్టా. కట్టెలు వేలికన్నా సన్నగా చీల్చి, ఎండలో పెళపెళలాడేట్టు ఎండబెట్టినవి. అదీ ఒక్కొక్కటే పెడతాడు. వచ్చే కాస్త పొగా ఆ కాలువలో పారి, పట్టా కింద చల్లారి, నేలమీదే చెదిరిపోతుంది. అదీ పొద్దున మంచు ఉన్నంతసేపే.

“ఎవరు నేర్పిన్రు కాకా?”

“జపానోడు,” అన్నాడు. “పొగ కనపడితే కాల్చీసేవోడు. మరి నేర్సుకోమా?”

ఆ ఒక్కమాటకే మా అత్తమ్మ స్తంభం వెనకనుంచి బయటికే వచ్చేసింది. “కూసో, కూసో. మొదటినుంచి చెప్పు,” అన్నది.

అప్పటినుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు ఆయన దుకాణంనుంచి రావడం, మేము పీటలేసుకుని కూర్చోవడం. శ్రీకాకుళం దిక్కునుంచి చిన్నప్పుడే రంగూన్ పోయి బియ్యం మిల్లులో మేస్త్రీ అయ్యాడట. జపానువాళ్ళు బర్మా పట్టుకున్నాక కనబడ్డ కూలీనల్లా అడవిలో రైలుదారి వెయ్యడానికి తోలుకుపోయారు. చచ్చినవాళ్ళను పక్కకు లాగి పని చేయించేవాళ్ళట. ఈయన పదిమందిని వెంటేసుకుని పారిపోయాడు. తనతో కలిపి పదకొండుమంది. పారిపోయి ఊరుకున్నారా? రెండున్నరేళ్ళు అడవిలోనే ఉండి వాళ్ళను నిద్ర పోనివ్వలేదు. టెలిగ్రాఫు తీగలు కోసేవాళ్ళు. పట్టాల మేకులు ఊడబీకేవాళ్ళు. కూలీల గుంపులను తప్పించి కొండలు దాటించేవాళ్ళు. ఆ దళానికి ఈయనే నాయకుడు.

“తుపాకులు ఎన్ని ఉండె కాకా?”

“ఒక్కటి. గుళ్ళు మూడు.”

“మరి ఎట్ల కొట్లాడిన్రు?”

దానికి జవాబు దీపావళినాడు చూపించాడు. సాయంత్రం లేత పచ్చి వెదురు కణుపులు రెండు తెచ్చి మా నీళ్ళ పొయ్యిలో తోశాడు. “అప్పా, జర దూరంగా ఉండు,” అని మా మాటే మాకు అప్పజెప్పాడు. ఒక్క నిమిషం. ఢామ్మని పేలింది చూడండి! రెండోది ఇంకా గట్టిగా. కాగు కదిలి నీళ్ళు ఒలికాయి. ఎదురింటాయన సబ్బు నురగతోనే వీధిలోకి వచ్చాడు. మా అత్తమ్మ నా వెనక దాక్కుని, పేలడం అయిపోయాక తిట్లు మొదలుపెట్టింది. కాకా మాత్రం కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

“అడవి సుట్టూరా పది మంటలెట్టి, ఇయ్యి యాభై తోసీమనుకో. జపానోడి ఠాణాలో ముప్పైమంది బట్టల్నేకుండా పరిగెత్తారు. తలుపులు తీసి మనోళ్ళని తెచ్చుకున్నాం. మూడు గుళ్ళూ అలాగే ఉన్నాయి.”

అంతటి మనిషి దళంలో ఏం పని చేసేవాడో తెలుసా? వంట. నిప్పు ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. పొగ లేస్తే పదకొండు ప్రాణాలు పోతాయి, ఆ పని నాయకుడే చెయ్యాలనేవాడు. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేవాడు. ఇంకో కట్టడి ఏమంటే, ఎవరి పేరూ ఎవరూ అడగకూడదు. ఊరు అడగకూడదు. పట్టుబడి దెబ్బలు తింటే చెప్పడానికి ఏమీ ఉండకూడదు. మోసే మూటను బట్టే పిలుపు. బియ్యం, గొడ్డలి, తాడు, ఉప్పు, ఇట్లా. ఉప్పు మోసేది ఒక ఆడమనిషి. ఆమె కథ దగ్గరికి వస్తే మాత్రం కాకా గొంతు తగ్గేది.

ఒకనాడు ఆమెను ఏరు దాటించి అవతలి ఊరికి ఉప్పు కోసం పంపాడట. ఆమె అటు పోగానే ఇటునుంచి జపాను పటాలం వచ్చిపడింది. మిగిలినవాళ్ళను తీసుకుని కొండెక్కాడు. మళ్ళీ ఆ ఏటికి చేరేసరికి ఇరవై రోజులు. వాన. ఆమె లేదు. బతికిందో, దొరికిపోయిందో తెలియదు.

“నేనే పంపేను తల్లీ. నేనే ఒగ్గీసేను. పేరు తెలిస్తే కాయితం రాయించి ఎతికించుదును, పేరడక్కండని నేనే కదా సెప్పేను. ఉందో నేదో తెలిస్తే సాలు నాకు.”

ఇప్పుడు రాళ్ళ సంగతి. వంట కాగానే బర్మాయన బూడిద ఎత్తేసి, మూడు రాళ్ళలో ఒకదాన్ని మూరెడు దూరం పక్కకు జరిపి పనికి పోయేవాడు. రోజూ అంతే. మా దిక్కు పొయ్యిరాయి అట్లా ఊడి పడి ఉండటం మంచిది కాదు, చావు జరిగిన ఇంట్లోనే ఉంటుంది. మా అత్తమ్మ వచ్చిన నెలలోనే కొట్లాట పెట్టుకుంది. ఆయన దండం పెట్టి, “అప్పా, ఇంకా రావలసినోళ్ళున్నారు. అలాగుండనీ,” అన్నాడు. భోజనానికి చుట్టాలు వస్తారేమో అనుకున్నాం. ఎవరూ రాలేదు. ఇగ అలవాటైపోయి మేమూ వదిలేశాం. కథలన్నీ అడిగినదాన్ని, ఆ రాయి సంగతి మాత్రం అడగలేదు చూడండి.

మూడేళ్ళు గడిచాయి. శ్రావణమాసం వచ్చింది. ఇంట్లో వరలక్ష్మి నోము పెట్టుకున్నాం. పొద్దుటినుంచి తుంపర. అత్తమ్మ గేటుదాకా పోయి వచ్చింది.

“గా పొయ్యి చూసినవా? అడుగుపెట్టంగనే ఊడిన రాయి కనబడ్తది. ముత్తైదువలు వస్తే ఏమనుకుంటరు? ఒక్కరోజుకు సర్దు. జర పసుపు రాయి.”

సర్దాను. మూడు రాళ్ళూ కడిగి, చక్కగా దగ్గరికి చేర్చి, పసుపు రాసి బొట్లు పెట్టాను. చుట్టూ ముగ్గు వేశాను. కాకా చూసి సంతోషపడతాడనుకున్నాను, మీ మీద ఒట్టు.

మధ్యాహ్నం పేరంటం నడుస్తుండగా గేటు దగ్గర ఒకామె నిలబడింది. నలభై అయిదు, యాభై ఉంటాయి. నడుముకు పూల లుంగీ, పొట్టి తెల్లరవిక, నడినెత్తిన కొప్పు, చంకలో మూట. తడిసి ఉంది. చూపంతా పొయ్యిమీదే.

“రా అమ్మా, లోపలికి రా. బొట్టు పెట్టించుకో,” అన్నాను.

ఆమె రాలేదు. “ఈ పొయ్యి ఎవరిదమ్మా?” అని అడిగింది.

నా రెండు చేతుల్లో వాయనాల పళ్ళెం. వెనకనుంచి అత్తమ్మ కేకలు. “మాదే, ఇంకెవరిది?” అన్నాను.

“సల్లగా నీళ్ళుంటే ఇయ్యమ్మా.”

ఇచ్చాను. తాగింది. గ్లాసును పొయ్యి పక్కనే నేలమీద బోర్లించి పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. శనగలు తీసుకుపొమ్మని పిలిచినా వినలేదు.

మూడు కొట్టే వేళకు కాకా వచ్చాడు, నోముకని చిన్న డబ్బాలో ఐస్‌క్రీం పట్టుకుని. గేటు దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

“ఎవరు సర్దేరు?”

“నేనే కాకా. నోము కదా. మంచిగుందా?”

ఆయన చూపు బోర్లించిన గ్లాసు మీద పడింది. “ఇది ఎవరెట్టేరు?”

“ఎవరో ఒకామె. నడినెత్తిన కొప్పు, లుంగీ. పొయ్యి ఎవరిదని అడిగింది. మాదే అన్న. నీళ్ళు తాగి పోయింది.”

డబ్బా ఆయన చేతిలోనుంచి జారి ముగ్గులో పడింది. ఆ పెద్దమనిషి ముఖంలో అట్లాంటి భయం నేను అంతకుముందు చూడలేదు.

“రాయి పక్కకుంటే, మనోళ్ళలో ఒకరింకా రావాలి, ఆళ్ళకోసం సూత్తన్నాం అని గుర్తు తల్లీ. మూడూ కలిసుంటే, రావలసినోళ్ళు ఎవరూ నేరు. ఎవరికోసం సూడ్డం నేదు. అది మాకు తప్ప మరెవరికీ తెలీదు. నీళ్ళు తాగి గ్లాసు బోర్లించేది ఒక్క ఉప్పే. దానికదే అలవాటు.”

ఇరవై ఏళ్ళకు పైన వెతుక్కుంటూ వచ్చిన మనిషికి, నీకోసం ఇక్కడ ఎవరూ లేరని పసుపు రాసి, ముగ్గువేసి మరీ చెప్పానా నేను!

“నాకు ఇప్పుడు దాని మొగం తెలుత్తాదో నేదో. నువ్వు సూసేవు. నాతో రా తల్లీ.”

అత్తమ్మ పేరంటం మధ్యలోనుంచే అరిచింది. “చూస్తవేందే? ఉరుకు! నోము నేను చూసుకుంట!”

పట్టుచీర, చేతికి తోరం, పసుపు పాదాలు, చెప్పుల్లేవు. అట్లాగే రిక్షా ఎక్కాను. కాకా పక్కన కూర్చుని నాయకుడిలాగా లెక్క వేస్తున్నాడు. “కలిసున్న రాళ్ళు సూసినోళ్ళు తిన్నగా ఒచ్చిన దారి పట్టకూడదు. ముందు జనంలో కలిసిపోవాలి. కడుపులో ఏదో ఒకటి ఏసుకోవాలి. అప్పుడు తిరిగెళ్ళాలి. నేను నేర్పిందే. ఉప్పు మర్సిపోదు. ఇక్కడ జనం ఎక్కడెక్కువ?”

“ఆబిడ్స్!”

ఆబిడ్స్ చౌరస్తాలో గొడుగుల మధ్య పరుగెత్తాం. బట్టల దుకాణం ముందు నడినెత్తి కొప్పు కనబడింది. పోయి భుజం పట్టుకున్నాను. తిరిగి చూస్తే ఎవరో! “హాత్ హటావ్! క్యా ఔరత్ హై!” అని నా చెయ్యి విదిలించుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది, నా పసుపు కాళ్ళు చూసి ఇంకో అడుగు వెనక్కి వేసింది. నవ్వే టైము కాదు కాని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

“తినేది ఎక్కడ సవగ్గా దొరుకుతాది?” అన్నాడు కాకా. మాట పూర్తికాకముందే ఇద్దరికీ ఒకటే తట్టింది. మొజంజాహీ మార్కెట్! ఆయన రోజూ పని చేసే చోటే!

పండ్ల వరసలో అడిగితే అరటిపండ్లాయన చెయ్యి ఊపాడు. “లుంగీ కట్టుకున్న ఆమెనా? గీడనే నిలబడి రెండు పండ్లు తిన్నది. ఏడుస్తున్నదని ఇంకోటి ఇచ్చిన. తీసుకోలే. చానసేపైంది, స్టేషన్ దిక్కు పోయింది.”

చూశారా! కాకా ఐస్‌క్రీం తిప్పుతుండగా ఆయన దుకాణానికి ఇరవై అడుగుల దూరంలోనే మధ్యాహ్నం ఆమె నిలబడి ఉండొచ్చు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుస్తాయి.

రిక్షా అతనికి మా తొందర అంటుకుంది. నిలబడి తొక్కాడు. నాంపల్లి స్టేషన్లో దిగేసరికి తూర్పు దిక్కు పోయే బండి ప్లాట్‌ఫారం మీదే ఉంది. కిటకిటలాడే జనం. నేను కిటికీ కిటికీకి తల పెట్టి చూస్తున్నాను. పది పెట్టెలు, పన్నెండు పెట్టెలు, ఎన్నని చూస్తాను? పేరు పెట్టి పిలుద్దామంటే పేరు లేదాయె. గార్డు జెండా తీస్తున్నాడు.

వెనక్కి తిరిగి చూస్తే కాకా లేడు. పట్టాలమీదికి దిగాడు! నొప్పి మోకాలుతో వంగి కంకర రాళ్ళు ఏరుతున్నాడు. చావాలనుందా అని హమాలీ అరిచాడు. “అరే బుడ్ఢే! మర్‌నేకా షౌఖ్ హై క్యా?” కాకా పైకెక్కి, ప్లాట్‌ఫారం నడుమ, నడిచేవాళ్ళ కాళ్ళ మధ్య మూడు రాళ్ళు పెట్టాడు. రెండు దగ్గరగా. ఒకటి మూరెడు దూరంగా. పెట్టి దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

నలుగురు ఆగారు. నలుగురు నలభైమంది అయ్యారు. “ఏంది గిది?” “పూజ లెక్కుంది.” “ఔ, ఆమె చూడు, తోరం కట్టుకుంది.” ఒక ముసలామె నిజంగానే దండం పెట్టుకుంది. జనం మూసేశారు. రాళ్ళు ఎవరికీ కనబడవు! బండి కూత వేసింది. ఒక కుదుపు కుదిపి కదిలింది.

అప్పుడు నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం. పట్టుకొంగు నడుముకు చుట్టి రెండు చేతులతో మనుషులను తోశాను. “జరుగుండ్రి! అడ్డం జరుగుండ్రి! రాళ్ళు కనబడాలె! బండిలో ఉన్నోళ్ళకు కనబడాలె!” పిచ్చిదాన్ని చూసినట్టు చూసి జరిగారు. బండికీ రాళ్ళకూ మధ్య సందు తెరుచుకుంది. పెట్టెలు ఒక్కొక్కటే ఆ సందు ముందునుంచి పోతున్నాయి. ఒకటి. రెండు. మూడు. కాకా తల ఎత్తలేదు, రాళ్ళనే చూస్తున్నాడు.

నాలుగో పెట్టె తలుపులోనుంచి ఒక మూట వచ్చి ప్లాట్‌ఫారం మీద పడింది. దాని వెనక ఆమె. దూకి, రెండడుగులు తూలి, నిలదొక్కుకుంది. “యా అల్లా!” అన్నాడు హమాలీ.

ఆమె ఆయన ముఖం చూడలేదు. తిన్నగా వచ్చి రాళ్ళ ముందు కూలబడి, దూరంగా ఉన్న రాయిని అరచేత్తో తోసి మిగతా రెండిటితో కలిపింది. అప్పుడు తల ఎత్తింది.

కాకానే మాట మొదలుపెట్టాడు, గొంతులో మేస్త్రీ పెత్తనం తెచ్చుకుని.

“ఉప్పేదే?”

“కరిగిపోనాది మేస్త్రీ,” అన్నది. “నువ్వు పంపినది వానాకాలం.”

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో నేను చెప్పలేను, నా కళ్ళకు ఏమైనా కనబడితే కదా. వచ్చే దారిలో రిక్షాలో ఆమె చెప్పింది. ఆనాడు ఏరు పొంగి అవతలే చిక్కుకుపోయి, నెల దాటాక తిరిగొస్తే పాత మకాంలో బురద కింద మూడు రాళ్ళు దొరికాయట, ఒకటి దూరంగా. “నాకోసం సూత్తన్నారని తెలిసింది. ఆ రాయి సూసే ఇన్నాళ్ళు బతికేను. ఇశాకపట్నంలో ఎవరో అన్నారు, నాంపల్లి టేసను ఎనకాల పొగ నేకుండా వండేవోడున్నాడని. ఒచ్చి సూత్తే పసుపెట్టిన పొయ్యి.”

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. “తప్పు నాదే అక్కా.”

“నీకేటి తెలుసు తల్లీ? నీ అత్తోరింట్లో పొయ్యి సర్దినావు. అంతే కదా.”

అత్తమ్మ గేటులోనే నిలబడి ఉంది. ఆమెను చూసి చేతులు పట్టుకుని లోపలికి నడిపించింది. అందరూ తిన్నాక మెల్లగా నన్ను పక్కకు పిలిచి, “గీమె ఆయనకు ఏమైతది?” అని అడిగింది. “ఉప్పు,” అన్నాను.

మర్నాడు పొద్దున దగ్గుకుంటూ లేచాను. వాకిలంతా తెల్లటి పొగ! పరుగెత్తుకొచ్చి చూస్తే గేటు దగ్గర పొయ్యి ముందు ఉప్పక్క కూర్చుని తడికట్టె ఊదుతోంది. కాకా గోడకు ఆనుకుని, ఊరికే చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నిప్పు ఇంకొకరి చేతికి ఇవ్వడం ఆయనకు అదే మొదలు.

“ఏంది గీ పొగ?” అని అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచింది.

“లేవనీ అప్పా,” అన్నాడు కాకా. “రావలసినోళ్ళందరూ ఒచ్చీసేరు. ఎవరు సూసినా ఇంక నాకేటి భయం?”

అత్తమ్మ దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ తిట్టింది. ఆ రోజునుంచి మూడు రాళ్ళూ కలిసే ఉన్నాయి. కుండకు మసి పట్టింది.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ కడుపు చల్లగుండ. మీ ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉండాలి, దాని పొగకు ఎవరూ భయపడే కాలం రాకూడదు. మీరు ఎదురుచూసేవాళ్ళు మీ గడప గుర్తుపట్టి లోపలికి రావాలి. మీ ఇంటిల్లిపాదీ ఒక్క కుండలో అన్నం ఒక్కచోట కూర్చుని తినాలి.